రుక్మాబాయి చూపిన జాగలు

దీపావళి ఎల్లిన వారానికి బాలమల్లు ఫట్‌ఫటి మోటారుసైకిలు తీసి దేశం మీద పోవుడు ప్రతియేడు ఉన్నదే. కరీంనగర్‌ల ఆయనకు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండె. సాలోళ్ల ఇంట్ల పుట్టిండు గని మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునే ఓపిక ఆయనకు లేకుండె. మిలిటరీ వాళ్లు వేలంల అమ్మిన పాత ఫట్‌ఫటి కొన్నడు. నట్లు తిప్పే పానాలు, సూదులు, నూనె డబ్బా సంచిల వేసుకుని గోదారి అవుతలి అంగళ్లు తిరిగేటోడు. ఊరూరి దర్జీల మిషన్లు చక్కజేసి నెలకు ఇల్లు చేరేటోడు. వచ్చినంక నాలుగు రోజులు మాత్రం ఎవ్వరితోని మాట్లాడకపోయేటోడు. గోడ దిక్కు తిరిగి పండేటోడు.

ఆయన భార్య అనసూర్యకు ఆ నాలుగు రోజులే కడుపుల ముల్లు. అలసిపోయిన మనిషి అన్నం తిని నిద్రపోతడు గని, కండ్లు తెరుచుకుని గోడను ఎందుకు చూస్తడు? గోదారి అవుతల ఎవతో ఉన్నది. దాన్ని వదిలిపెట్టి వచ్చినందుకే గింత బాధ. పన్నెండేండ్ల సంసారంల ఆమె ఈ మాట పైకి అనలే. పందొమ్మిది వందల అరవై నాలుగుల మాత్రం, ఆయన సంచి సదురుతుంటే పక్కన నిలబడి ఈసారి తను గూడ వస్తనన్నది. పిల్లలెట్ల అని ఆయన అడిగిండు. సుల్తానాబాద్‌ల తల్లిగారిల్లు తొవ్వలనే ఉన్నది గదా అన్నది. ఆయన సంచి జరిపి బండి మీద ఆమెకు జాగ చేసిండు.

పిల్లలిద్దరిని అమ్మమ్మకు అప్పజెప్పి పెద్దపల్లి దాటేసరికి పొద్దు వాలింది. ఏ హోటల్ల అర్రనో తీసుకుంటడనుకున్నది అనసూర్య. అర్రలకు పెడితే పని చేసిన పైసలన్ని కిరాయికే పోతయని ఆయన చెప్పిండు. ఊర్ల ఎవరి అరుగు మీదనన్న పందామంటే వద్దన్నడు. పటేలు పిలిపిస్తడు, పోలీసోళ్లు అడుగుతరు, ఎవరి కంట పడకుంట పండుడే మంచిదన్నడు.

గప్పుడు ఆయన చేసిన పనులు చూసి అనసూర్య నోరెల్లబెట్టింది. బండి చప్పుడు ఎక్కడ ఆగిందో ఎవ్వరికి తెల్వకుంట, ఎత్తు మీదనే ఇంజన్ బందు చేసి పల్లంల జారనిచ్చిండు. తొవ్వ దిగినంక బండిని చేత్తోని నెట్టిండు. తంగేడు మండ విరిచి చక్రాల గీతలు ఊడ్చిండు. పొద్దుండంగనే పొగరాని ఎండు పుల్లలతోని అన్నం వండి, నిప్పు మీద మన్ను పోసి, అక్కడ పండకుంట రెండు చేన్ల అవుతలికి నడిపిచ్చిండు. వండిన కాడ పండద్దట. బండిని పొదల జొరగొట్టి మన్ను రంగు తాటిపత్రి గుడ్డ కప్పిండు.

గొంగడి మీద ఒరిగి అనసూర్య నవ్వుకున్నది. పెండ్లయినంక ఆయనతోని ఒక్కతే ఉండుడు గదే మొదలు. అత్త లేదు, పిల్లలు లేరు, గిరాకి లేదు. పైన చుక్కలు, పక్కన మొగడు. గీ మనిషిని ఇన్నేండ్లు అనుమానపడ్డనే అని మనసుల సిగ్గుపడ్డది.

మర్నాడు రేవుకాడ ఫట్‌ఫటిని పడవ ఎక్కిచ్చి గోదారి దాటిండ్రు. లక్షెట్టిపేట అంగడిల ఆయన పని చేస్తుంటే ఆమె సూదులందిచ్చింది. అవుతల రెండు రోజులకు జన్నారం అడవి వచ్చింది. మసక చీకట్ల, దీపం లేకుంట, ఆయన టేకు చెట్ల నడుమ చక్కగ నడిచి ఒక పెద్ద రాతిగుండు కిందికి తీసుకపోయిండు. తొవ్వ మీద నిలబడి చూస్తే ఉత్త రాయి. వంగి పోతే లోపల ఇద్దరు పండేటంత గూడు. గూడు పైకప్పుకు ఎన్నటిదో దీపం మసి పట్టి ఉన్నది.

ఇది నీకెట్ల తెల్సని అడిగింది అనసూర్య.

ఆయన గొంగడి పరుస్తున్నడు. తల ఎత్తలే. "రుక్మాబాయి చూపిచ్చింది" అన్నడు.

అడిగితే దాయలే. చెప్పిండు. నిజాం రాజ్యం పోయినంక గూడ రెండు మూడేండ్లు సంఘపోళ్లు, దొరల మీద కొట్లాడిన కమ్యూనిస్టులు, అడవులల్ల దాగి ఉండిరి. బాలమల్లు గప్పుడు పద్దెనిమిదేండ్ల పోరడు. ఆయన పని ఒక దళం నుంచి ఇంకో దళానికి ఉత్తరాలు మోసుడు. తోడుగ పంపిన మనిషి రుక్మాబాయి. పెద్దపల్లి దిక్కు దొరల ఇంటి బిడ్డ, గడీ బంగ్లా వదిలి సంఘంల కలిసింది. చక్రాల గీతలు గాదు గని, అడుగుల జాడలు ఊడ్చుడు ఆమెనే నేర్పింది. వండిన కాడ పండద్దన్నది ఆమెనే. దొరసాని అని పిలిస్తే కోపం చేసి, పేరు పెట్టి పిలువుమన్నదట.

అనసూర్యకు మిగిలినయన్ని ఎట్లనో మింగుడు పడ్డయి గని ఆ చివరి మాట పడలే. పన్నెండేండ్లల ఆయన తనను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమే, ఇగో, గంతే. దొరల బిడ్డ పేరు మాత్రం నోరు నిండ పలికిండు. ఆ రాత్రి ఆమె గూట్ల కుడి పక్కన పండి, రుక్మాబాయి ఏ పక్కన పండి ఉండెనో అనుకున్నది. జరిగి ఎడమ పక్కన పండ్డది. అక్కడ గూడ నిద్రరాలే.

అప్పటినుంచి ప్రతి జాగ ఆమెకు పగదయింది. వాగు ఒడ్డున మొగలి పొద, పాడువడ్డ బావి పక్క మెట్టు, ఏది చూపిచ్చినా అది రుక్మాబాయి జాగేనా అని అడిగేది. ఆయన అబద్ధమాడకపోయేటోడు. కొన్నింటికి అవునని, కొన్నింటికి కాదని చెప్పేటోడు. కాదన్నకాడ ఆమె కడుపునిండ తినేది. అవునన్నకాడ గిన్నెలు గట్టిగ చప్పుడు చేసేది. ఒకనాడు కావాల్నని ఎర్రచీర ఉతికి తొవ్వకు కనబడే కొమ్మ మీద ఆరేసింది. ఆయన దాన్ని తీసి లోపలి కొమ్మకు వేసిండు. రుక్మాబాయి అయితే గిట్ల చేయకపోయేది గదా అని ఆమె అన్నది.

ఉట్నూరు అంగడిల దర్జీ ఒకాయన మాట మీద మాటగ జైనూర్ సంగతి తీసిండు. అక్కడి బడిల కుట్టు నేర్పే మిషన్లు రెండు మూలకు పడ్డయట, పంతులమ్మ మనిషిని తోలియ్యుమని ఏండ్లనుంచి చెప్పి పంపుతున్నదట. బాలమల్లు తనకు తీరదన్నడు. ప్రతియేడు గిదే మాట చెప్తవేంది అని దర్జీ నవ్విండు. పంతులమ్మ ఎవరని అనసూర్య అడిగింది. దర్జీ చెప్పిన పేరు రుక్మాబాయి.

అంటే రుక్మాబాయి బతికే ఉన్నది. ఒక పూట తొవ్వల ఉన్నది. ఈయన పోతలేడు. ఇంకొకతెకు గిది ఊరటయ్యేది. అనసూర్యకు గాలే. పోయి చూసొచ్చే ఆడిదైతే ఎన్నడో ఒకనాడు ముఖం మొత్తుతది. చూడనీకి గూడ భయపడే ఆడిది మనసుల ఎంత లోతుకు దిగి ఉండాలె?

ఆ సాయంత్రం ఆయన బండిని జైనూర్ తొవ్వకే తిప్పిండు. గని ఊరు ఇంక మూడు మైళ్లుండంగనే ఒక వాగుకాడ ఆపిండు. పొద్దున మళ్ల ఎనుకకు పోదామన్నడు. ప్రతియేడు గిక్కడిదాకనే వస్తవా అని ఆమె అడిగింది. అవునన్నట్టు తల ఊపిండు.

తెల్లారి ఆయన స్నానానికి వాగు దిగంగనే అనసూర్య మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేసింది. ఎండు పుల్లల మీద పచ్చి టేకాకులు వేసింది. తెల్లటి పొగ చెట్ల మీదికి లేచి నిలబడ్డది. ఎందుకు చేస్తున్నదో ఆమెకు పూర్తిగ తెల్వకుండె. ఆ దొరల బిడ్డ నేర్పిన ఉపాయం ఒక్కటన్న మంట్ల కలవాలె, గంతే.

ఆయన పొగ చూసి తడిబట్టలతోనే ఉరికొచ్చి నిప్పు తొక్కేసరికి అడవిని కాసే జంగ్లాత్ జవాను వచ్చి నిలబడ్డడు. ఎనుక గొడ్డండ్లు పట్టుకుని ఇద్దరు కూలోళ్లు. తాటిపత్రి గుంజి బండిని చూసిండు. టేకు కొట్టేటందుకు వచ్చిండ్రా అని అడిగిండు. మిషన్లు బాగుచేసేటోన్నని చెప్తే, అయితే అడవిల దాగుడెందుకన్నడు. ఈ చుట్టుపక్కల మీరు తెల్సినోళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగితే బాలమల్లు నేల చూసుకుంట ఎవ్వరు లేరన్నడు.

"ఉన్నరు" అన్నది అనసూర్య. "జైనూర్ బడి పంతులమ్మకు మేం ఎరుకే."

జవాను వాళ్లను ముందటేసుకుని నడిపిచ్చిండు. బాలమల్లు మూడు మైళ్లు బండిని నెట్టుకుంటనే వచ్చిండు. ఒక్కపారి గూడ భార్య దిక్కు చూడలే.

అనసూర్య మనసుల రుక్మాబాయి ఎత్తుమనిషి, పచ్చటి మనిషి, నడుముదాక జడ. బడి వాకిట్ల నిలబడి పిల్లలను గోండు మాటల కోపం చేస్తున్న మనిషి బక్కగ, నల్లబడి ఉన్నది. తల సగం నెరిసింది, కండ్లద్దాలకు ఒక దిక్కు దారం కట్టి ఉన్నది. చూసి అనసూర్యకు నిమ్మళం కావాల్సింది. కాలే. ఆ మనిషి నిలబడ్డ తీరుల ఏ ఫికరు లేకుండె.

రుక్మాబాయి కండ్లద్దాలు సర్దుకుని బాలమల్లును చూసింది.

"మందు దొరికిందా, బాలమల్లూ?" అన్నది.

ఆయన చేతులనుంచి బండి జారి కింద పడ్డది. ఆయన గూడ దాని పక్కనే కూలబడి, రెండు చేతులల్ల ముఖం పెట్టుకుని ఏడ్చిండు. తన మొగడు ఏడ్వంగ అనసూర్య ఎన్నడు చూడలే. తండ్రి పోయిననాడు గూడ ఏడ్వలే.

జవానుకు రుక్మాబాయి ఏదో చెప్పి పంపేసింది. బాలమల్లుకు మిషన్లు చూపిచ్చి, అనసూర్యను వంటింట్లకు పిలిచింది. జొన్నరొట్టె కొడుతు సంగతంత చెప్పింది. పందొమ్మిది వందల యాభైల, ఇప్పుడు వాళ్లు ఆగిన ఆ వాగుకాడనే తనకు చలిజ్వరం వచ్చిందట. మందు తెస్తనని బాలమల్లు జన్నారం పోయిండు. అక్కడ మిలిటరీ లారీలను చూసి భయపడ్డడని తర్వాత సంఘపోళ్లు చెప్పిండ్రట. ఎనుకకు రాలే, కరీంనగర్ దాక ఉరికి ఇల్లు చేరిండు. తను మూడు దినాలు ఆ ఒడ్డున ఒక్కతే పడి ఉంటే గోండు ఆడోళ్లు మోసుకొచ్చి బతికిచ్చిండ్రు. ఇగ ఎక్కడికి పోబుద్ధి గాలే.

"నాలుగైదేండ్లు వాని మీద మస్తు కోపముండె. తర్వాత బడి వచ్చింది, పిల్లలొచ్చిండ్రు. కోపం చేసే తీరిక లేకపాయె" అని రొట్టె తిరగేసింది. తర్వాత అనసూర్య ముఖం చూసి, "నీకు నా మీద కోపమున్నది గదా చెల్లె" అన్నది.

"ఉన్నది."

"మా నడుమ ఏం లేకుండె."

"ఉంటే నయముండె అక్కా" అన్నది అనసూర్య. "ఉంటే ఎన్నడో మర్చిపోయేటోడు."

రుక్మాబాయి రొట్టె తీసి ఆమె ముందట పెట్టింది. ఇద్దరు కూసుని తిన్నరు.

బాలమల్లు రెండు మిషన్లు బాగుచేసే వరకు పొద్దు తిరిగింది. రుక్మాబాయి పైసలియ్యబోతే తీసుకోలే. ఆమె బలవంతపెట్టలే. వచ్చే ఏడు పిల్లలను గూడ తీసుకరమ్మన్నది. ఆయన సరేనన్నడు. ఆ గొంతు కొత్తగ, తేలికగ ఉన్నది. ఇన్నేండ్లు తను వండి, కని, పక్కన పండి ఇయ్యలేని తేలిక, ఆ ఆడిది ఒక్క పూటల ఇచ్చి పంపింది. గది అనసూర్యకు అన్నింటికంటె ఎక్కువ కాలింది.

తిరుగు తొవ్వల, చీకటి పడంగ, ఒక గుట్ట మలుపుకాడ ఆయన బండి నిదానం చేసిండు. ఆ గుట్ట ఆయనకు ఎరుకేనని అనసూర్యకు ఎనుకనుంచే తెల్సింది. అక్కడ వద్దన్నది. ఇంకో రెండు మైళ్లు పోనిచ్చి, ఒక కంది చేను గట్టు చూపిచ్చి ఆపుమన్నది. అది తొవ్వకు మరీ దగ్గరని ఆయన అనలే. అక్కడనే వండిండ్రు, అక్కడనే పండిండ్రు.

తెల్లారక ముందే గొంగడి నిండ ఎర్రచీమలు. ఇద్దరు ఎగిరెగిరి దులుపుకుంటుంటే చేను పక్కనుంచి బర్లమంద వచ్చింది. బర్లకాడి ముసలాయన కట్టె మీద గదవ ఆనిచ్చి, ఎవరు మీరు, గీ పుట్ట మీద ఎవరు పండుమన్నరు అని అడిగిండు. బాలమల్లు అనసూర్య దిక్కు చెయ్యి చూపిచ్చి నవ్వుడు మొదలుపెట్టిండు. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు.

ఆమెకు గూడ నవ్వొచ్చింది. నవ్వుకుంటనే, రుక్మాబాయి ముందట గూడ ఈయన గిట్లనే నవ్వేటోడా అన్న మాట మనసుల మెదిలింది. అడుగలే. చీర కుచ్చిళ్లు దులుపుకుని గొంగడి చుట్టి బండికి కట్టింది.