గంతులేసే అక్షరాలు

రొయ్యలు ఒలుస్తున్న సిల్వియా పక్కన చార్టు కాగితాల చుట్ట పెట్టి, “రేపటికి కావాలి సిల్వీ. నీకెంతసేపు, అరగంట పని,” అన్నాడు భర్త రూబెన్. ముదినేపల్లి హైస్కూల్లో అతను మేష్టారు. ఆమె రాసిచ్చే చార్టుల మీది అక్షరాలు చూసి హెడ్మాస్టరు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పేవాడు. అవి ఎవరు రాశారని అక్కడ చెప్పాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

కైకలూరులో ఆ రాత ఎరగనివాళ్ళు తక్కువ. మరిది బాబీ ఐసు కొట్టు బోర్డు, చర్చి గోడ మీది వాక్యం, పెళ్ళి పందిరి ముందు వధూవరుల పేర్లు, అన్నీ ఆమె చేతివే. తలకట్లు ఎగురుతున్నట్టుంటాయి. కొమ్ములు వంకీ తిరిగి పక్క అక్షరాన్ని గిల్లుతున్నట్టుంటాయి. “సంసారి రాత ఇలా గంతులేస్తుందా?” అని నవ్వేది అత్తగారు పాపమ్మ. మళ్ళీ ఎవరడిగినా “మా కోడలు ఖాళీయే, రాసిపెడుతుందిలే” అని మాటిచ్చేది కూడా ఆవిడే. వంటకీ అంట్లకీ మావగారి మందులకీ మధ్య ఆ ఖాళీ ఆవిడకెక్కడ కనిపించిందా అనుకునేది సిల్వియా. రాయడం ఇష్టమే. ఇష్టమైన పనికి అలుపుండదని వీళ్ళంతా ఎలా తేల్చేశారో! తనకోసం ఒక్క అక్షరం గీసుకుని ఎన్నాళ్ళయిందో గుర్తే లేదు.

ఏలూరు నుంచి చేపలకని వచ్చిన రాజశ్రీ ఐసు కొట్టు బోర్డు చూసి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమెది ఫాంట్లు తయారుచేసే పని. “అక్షరాలన్నీ గీసివ్వండి. కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. పోస్టర్లకీ బోర్డులకీ ఎవరికి కావాలన్నా టైపు చేసుకోవచ్చండీ,” అంది.

వేసవంతా గీసింది సిల్వియా. గుణింతాలు, ఒత్తులు, ఏ కొట్టు బోర్డుకీ అక్కర్లేని ‘ఞ’ కూడా. దాన్ని గీస్తూ తనలో తనే నవ్వుకుంది. ఓరోజు ఆ కాగితాల మీదే తడి తోటకూర పోసి తరిగింది పాపమ్మ. “చూసుకోలేదమ్మా,” అంది. సిల్వియా తడిసి పాడైనవన్నీ మళ్ళీ గీసింది.

ఫాంటుకి పేరేం పెడదామని రాజశ్రీ ఫోన్లో అడిగింది.

“రూబెన్ అని పెట్టమను, పలకడానికి బావుంటుంది,” అన్నాడు రూబెన్. “ఎవరి పేరైతే ఏముందిలే, ఒకటే ఇల్లు కదా.”

“అవునండీ. అందుకే నా పేరు చెప్పేశాను,” అంది సిల్వియా.

అతను పేపరు తిరగేశాడు.

ఫాంటు తయారైన వారమే చర్చి వార్షికోత్సవం వచ్చింది. “పాస్టరుగారు బ్యానరు అడిగారు. సరే అనేశాను,” అన్నాడు రూబెన్ చెప్పులు విప్పుతూ. “బాబీ కొత్త కొట్టుకి బోర్డు కూడానట.”

“మీ ల్యాప్‌టాప్‌లో ఫాంటు ఎక్కించానండీ. వాళ్ళిద్దరికీ కూడా పంపించాను. టైపు చేస్తే చాలు, అచ్చం నేను రాసినట్టే వస్తుంది.”

“మరి నువ్వు?”

“నా చెయ్యి ఇక నాక్కావాలండీ,” అంది సిల్వియా.