మొండి తుపాకి

జొన్న కంకులు పాలు పోసుకుంటున్న రోజుల్లోనే హమామాకు కుడి భుజం పట్టేసింది. వడిసెల తిప్పితే రాయి పది బారలు కూడా పోవడం లేదు. ఆ సంగతి కోతులకు తొందరగానే తెలిసిపోయింది. మొదట్లో గట్టు మీద కూర్చుని చూసేవి. తర్వాత ఆమె అరుస్తుండగానే, ఆమె వంక చూస్తూనే, కంకులు విరుచుకు తినసాగాయి.

భర్త ముర్షిద్ పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. రైమా కొండల్లో ఆ పై మెట్టు మీద మిగిలిన ఇల్లు ఆమెదొక్కటే. మిగతావాళ్లంతా నీళ్లు దగ్గరని కింది ఊరికి దిగిపోయారు. మరిది దైఫుల్లా కూడా దిగాడు. అన్న పోయిన నెలకు వచ్చి, "మాతో ఉందువుగాని రా వదినా" అన్నాడు. "నామీద ప్రేమా, నా చేలమీద ప్రేమా?" అందామె. దైఫుల్లా లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గురువారం సంతలో రెండు మేకల్ని అమ్మి, హమామా తిన్నగా తుపాకులమ్మే హాదీ దగ్గరికి వెళ్లింది.

"ఎవరికమ్మా? కొడుక్కా?"

"నాకే."

హాదీ బుగ్గనున్న ఖాత్ ఆకు ముద్దను ఇటునుంచి అటు మార్చుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "వెంట మగవాళ్లెవరూ రాలేదా?"

"ఉంటే వచ్చేవాళ్లే. నువ్వు తుపాకి చూపించు నాయనా."

అతను చూపించిన మొదటి తుపాకి నిలబెడితే ఆమె నెత్తి దాటింది. రెండోది ఎత్తగానే భుజం కలుక్కుమంది. అప్పుడామె కళ్లు మూలనున్న పాత రైఫిల్ మీద పడ్డాయి.

"అదేంటి, దానికి మూతి లేదు?"

"అది నీకొద్దులే. ఎవడో లారీ డ్రైవరు, సీటు వెనక పట్టట్లేదని గొట్టం జానెడు కోయించేశాడు. దాంతో గురి కుదరదు. ఎదురుగా గాడిద నిలబడ్డా తగలదు. మోతంటావా, చెవులు చిల్లులు పడతాయి. పొట్టిదయ్యాక నోరు పెద్దదైంది."

"మా అత్త కూడా అంతే."

హాదీ పగలబడి నవ్వాడు. హమామా మాత్రం నవ్వలేదు. తుపాకి ఒళ్లో పెట్టుకుని, కోసిన అంచును వేలితో తడిమింది. గరుగ్గా తగిలింది.

"మోత ఎంత దూరం పోతుంది?"

"ఎదుటి కొండ దాకా పోతుంది. ఇన్నేళ్లలో గురి అడక్కుండా మోత అడిగినదానివి నువ్వే."

"నేనెవర్నీ చంపబోవట్లేదు. కోతులు పోతే చాలు. ఈ అంచు ఆకురాయితో రాసివ్వు, చెయ్యి కోసుకునేలా ఉంది."

మేకలు తెచ్చిన సొమ్ము తుపాకికీ పాతిక తూటాలకూ సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే రాతిగోడ మీద ఆనించి పేల్చింది. గొట్టం మూతినుంచి మూరెడు మంట లేచింది. కోతిమూక ఒక్క గంతులో గట్టు దాటి కనపడకుండా పోయింది. మోత లోయలో దొర్లి దొర్లి ఆగిపోయాక చేనంతా నిశ్శబ్దమైంది. నాలుగు రోజులు ఒక్క కోతి రాలేదు. తిట్టడానికి కూడా ఎవరూ లేకపోవడం హమామాకు వింతగా అనిపించింది. రోజంతా నోరు విప్పలేదని సాయంత్రం మేకల్ని పిలిచినప్పుడు, గొంతు బొంగురుపోయి ఉండటం చూసి తెలుసుకుంది.

ఐదో రోజు అవి రెండు వైపుల నుంచీ దిగాయి. ఆమె ఒకటి పేల్చింది. అవి పరుగెత్తాయి. జూలున్న ముసలి మగకోతి ఒక్కటి మాత్రం చేను నడుమ కూర్చుని పళ్లు చూపించింది. కోపంతో రెండోది పేల్చింది. అది కదల్లేదు. మూడోది పేల్చాక మెల్లగా లేచి వెళ్లింది.

గంట దాటాక కింద దారిలో రాళ్లు దొర్లిన చప్పుడైంది. ఏడుగురు మగవాళ్లు తుపాకులతో రొప్పుతూ ఎక్కి వచ్చారు. ముందు దైఫుల్లా ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు, మోకాలి నుంచి నెత్తురు కారుతోంది.

"ఎవరు? ఎటు పోయారు?" అని అరిచాడు.

హమామాకు అప్పుడు గుర్తొచ్చింది. వరసగా మూడు మోతలంటే ఆపదలో ఉన్నాం, రండి అని అర్థం. "కోతులు" అంది చిన్నగా.

ఒకడు నేలమీద కూలబడి నవ్వాడు. "కోతులకోసం మా గుండెలు ఆపేశావు కదక్కా!"

దైఫుల్లా నవ్వలేదు. "నిన్నెవరో చంపేశారనుకున్నాను వదినా" అన్నాడు. మొహం తిప్పుకుని, ఆమె చేతిలోని తుపాకి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ మొండిదాన్ని ఎవడు అంటగట్టాడు? కోతులకు రెండే పేల్చు. మూడోది మాకోసం ఉంచు."

అల్లం వేసి కాఫీ గింజల పొట్టుతో కషాయం కాచి ఇచ్చింది. కప్పులు చాలక ఇద్దరు గిన్నెల్లో తాగారు. ఇంట్లో అంతమంది మాటలు విని ఎన్నాళ్లయిందో. కాసేపటికి లేచి వెళ్లిపోయారు. కడిగిన కప్పులు బోర్లించాక ఆమెకు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు.

ఆ తర్వాత రోజూ రెండు పేల్చేది. మూడో తూటా అరచేతిలో ఉండేది. వేడెక్కేదాకా పట్టుకునేది. పేలిస్తే వస్తారు. దైఫుల్లా చెప్పు జారిపోయినా వస్తాడు. కానీ ఏముందని పిలవాలి? ఒకరోజు ఆ తూటా గొట్టంలోకి తోసేసింది కూడా. వేలు మీట మీదికి పోయాక తనకే భయమేసి బయటికి లాగేసింది. తూటాలన్నీ గుడ్డలో మూటగట్టి పెట్టెలో పెట్టి తాళం వేసింది.

తర్వాత, పచ్చి కంకులు కొన్ని కొంగులో వేసుకుని, రెండు గంటలు దిగి దైఫుల్లా తలుపు తట్టింది. అతని భార్య వర్దా తలుపు తీసింది. చేతులకింకా పిండి ఉంది.

"ఏమైందక్కా? ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. ఊరికే వచ్చాను."

వర్దా ఆమెను ఒక్క క్షణం చూసి పక్కకు జరిగింది. లోపల జొన్న సంకటి చుట్టూ పిల్లలు కూర్చుని ఉన్నారు. దైఫుల్లా మోకాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. హమామా తిన్నది నాలుగు ముద్దలే. పొద్దు వాలకముందే మేకలున్నాయంటూ లేచింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అంది వర్దా.

"కోత అయ్యాక" అంది హమామా. కొండ ఎక్కుతూ సగం దారిలో ఆగి, కోతకు ఇంకెన్ని రోజులుందో వేళ్లమీద లెక్కపెట్టుకుంది.