తూర్పు గేటు మూయకూడదు

ఊళ్ళో ఆ ఫుట్‌బాల్ జట్టుకి అభిమానులెలా అయ్యారని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెబుతారు. సెలూన్ ఆయన కొట్టు గ్రౌండు గోడకి ఆనుకునే ఉంది. ఆయన ఎవరికో గడ్డం గీస్తుండగా బంతి ఎగిరొచ్చి అద్దం పగలగొట్టిందట, తప్పయిందని చెప్పడానికి కెప్టెన్ బురద కాళ్ళతో స్వయంగా వచ్చాడట. అంతే, ఆ రోజు నుంచి ఆయన వాళ్ళ మనిషి. కొరియర్ ఆఫీసు గుమాస్తా పిల్లనిచ్చిన మామగారి పోరు పడలేక అభిమాని అయ్యాడు. పెద్ద జట్టు ఆటకి టికెట్లు దొరక్క, ఉసూరుమంటూ ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు సగం మంది. గెలుస్తుందని వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అలాంటి భ్రమ ఆ జట్టు ఎవరికీ కలగనివ్వలేదు.

కాజాల అత్తయ్య దారి వేరు. ఆవిడ కోపంతో అభిమాని అయింది.

రెడీమేడ్ చొక్కాల వర్క్‌షాపులో ఆవిడది కాజాలు కుట్టే పని. ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది. భర్త మిల్లులో నూలు వడికే విభాగంలో పనిచేసేవాడు. ఆయన బతికున్న రోజుల్లో ఫుట్‌బాల్ పేరెత్తితే ఆవిడకి ఒళ్ళు మంట. ఆట ఉన్న రోజున చెప్పులు దాచేసేది. ఆయన వట్టి కాళ్ళతోనే గోడ పక్కగా జారుకునేవాడు. “ఓడిపోవడం చూడ్డానికి అంత దూరం పోవాలా? ఇంట్లో నా దగ్గర ఓడిపోతున్నావుగా, చాల్లేదా?” అని వెనకనుంచి కేకలు వేసేది. ఆయన నవ్వేవాడే గాని ఆగేవాడు కాదు.

ఒకనాడు మిల్లులో దూది అంటుకుంది. ఆ విభాగానికి ఉన్న ఒకే ఒక్క తలుపుకి బయట గడియ వేసి ఉంది. పని మధ్యలో ఎవరూ టీకని బయటికి పోకుండా యజమాని చేసిన ఏర్పాటు అది. మనుషులు నిమిషం వృథా చేయకూడదు, కాలిపోతే పోవచ్చు! ఆవిడ భర్తా, ఆ షిఫ్టులో ఆయనతో ఉన్నవాళ్ళూ ఆ తలుపు వెనకే పోయారు. తర్వాత యజమాని ఏమన్నాడు? పేకాడుకోవడానికి పనివాళ్ళే లోపల గడియ పెట్టుకున్నారన్నాడు. విచారణకి వచ్చిన అధికారులు తలూపారు. పత్రికలు అదే అచ్చేశాయి. పోయినవాళ్ళు లేచొచ్చి కాదనరు కదా. బతికున్నవాళ్ళ మాట ఎవడికి కావాలి?

మిల్లు ఆఫీసులో గుమాస్తా ఆ మాటే ఆవిడ మొహం మీద అన్నాడు. “పేకాట పిచ్చి అమ్మా, ఏం చేస్తాం” అన్నాడు. జన్మలో పేకముక్క పట్టని మనిషి గురించి! ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడవడానికి కూడా మనసొప్పక, నడుచుకుంటూ గ్రౌండు తూర్పు గేటు దగ్గరికొచ్చింది. ఆట మొదలవగానే ఆ గేటుకి బయట గడియ వేయడం అక్కడ మామూలు. ఆ రోజు గేటు మనిషి గడియ వేయబోతుంటే సెలూన్ ఆయన లోపలినుంచి వచ్చి సందులో కాలు పెట్టాడు.

“మూయకు. ఒక తలుపు మూసింది చాలు” అన్నాడు.

ఆయన వెనక తూర్పు మెట్ల మీది జనమంతా లేచి నిలబడ్డారు. “బయటే గడియ! బయటే గడియ!” అని అరిచారు. ఆడేవాళ్ళు ఆట ఆపి చూశారు. ఊళ్ళో ఒక్క ఆఫీసూ, ఒక్క పెద్దమనిషీ అనని మాటని, ఓడిపోవడం తప్ప ఇంకేమీ తెలియని ఆ జట్టు మనుషులు గొంతు చించుకుని అన్నారు. ఆవిడ సెలూన్‌లోకి వెళ్ళి స్టూలు తెచ్చుకుంది. గేటు మధ్యలో వేసుకుని, వీధి వైపు తిరిగి కూర్చుంది.

“చెల్లెమ్మా, ఆట అటుంది” అన్నాడు సెలూన్ ఆయన.

“గడియ వేసేవాడు ఇటునుంచి వస్తాడన్నయ్యా” అంది.

అప్పటినుంచి ఆ జట్టు ఆడిన ప్రతి ఆటకీ ఆవిడ అక్కడే. జట్టుకి అంతకన్నా గట్టి అభిమాని లేదు, అయినా ఆవిడ ఒక్క ఆటా చూసిన పాపాన పోలేదు. గోల్ పడితే వెనకనుంచి ఎవరో ఒకరు వంగి చెప్పి పోయేవాళ్ళు. ఆటగాళ్ళు కూడా బస్సు దిగి ఆ గేటులోంచే, ఆవిడకి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు. గడియకి తుప్పు పట్టింది. చివరికి ఊడిపడింది కూడా.

మిల్లు మూతపడి, ఆ స్థలంలో మేడలు లేచాయి. మిల్లు యజమాని పోయి, కొడుకు పెద్దవాడయ్యాడు. ఆ కొడుకు ఉన్నట్టుండి జట్టుని కొనేశాడు. తండ్రి తలుపు మూస్తే, కొడుకు ఆ తలుపు గురించి అరిచినవాళ్ళనే కొనుక్కున్నాడు. అప్పుడు కూడా అత్తయ్య పళ్ళు బిగబట్టి ఊరుకుంది. ఆడేది వాడు కాదు, గేటు తెరిచే ఉంది, చాలనుకుంది.

కొన్నాళ్ళకి క్లబ్బు ప్రచారం చూసే అమ్మాయి కెమెరా పట్టుకుని వర్క్‌షాపుకొచ్చింది. అభిమానుల కథలన్నీ కలిపి ఒక సినిమాలా చేస్తారట.

“ఆంటీ, మీరు ఈ జట్టుకి ఫ్యాన్ ఎలా అయ్యారు?”

“కోపమొచ్చి.”

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. “భలే చెప్పారు! ఎవరి మీద కోపం?”

అత్తయ్య చెప్పింది. గడియ సంగతీ, పేకాట సంగతీ, గుమాస్తా అన్న మాటా, అన్నీ చెప్పింది. వింటున్నకొద్దీ ఆ అమ్మాయి నవ్వు ఆరిపోయింది.

“ఇది మరీ బరువుగా ఉందాంటీ. కాస్త సంతోషంగా ఉండేదేదైనా చెప్పండి. అంకుల్ మిమ్మల్ని మొదటిసారి మ్యాచ్‌కి తీసుకొచ్చిన రోజు…”

“ఆయన తీసుకురాలేదు. నేనే రానన్నాను. ఈ జట్టంటే ఆయన ప్రాణం పెట్టేవాడు, నేను చెప్పులు దాచేదాన్ని.”

“పోనీ, ఆ గేటు దగ్గర ఎందుకు కూర్చుంటారు? అదృష్టమనా?”

“గేటు తెరిచి ఉంటే జట్టుకి కలిసొస్తుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అదంతా వట్టిదమ్మా. మళ్ళీ ఎవడూ మూయకూడదని కూర్చుంటాను.”

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. అత్తయ్య మళ్ళీ చొక్కా చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు, చెప్పాను అనుకుని ఆ పూట తేలికపడింది కూడా.

ఆ ఏడు మొదటి ఆటకి వచ్చేసరికి తూర్పు గేటు లేదు. దాని స్థానంలో కొత్త ఇనుప షట్టర్ పైకి చుట్టుకుని ఉంది. సరే, ఎత్తే ఉంది కదా అని అత్తయ్య దాని కింద స్టూలు వేసుకుంది. షట్టర్ పక్కన కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు కొత్తగా పెట్టిన సెక్యూరిటీ మనిషి నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, మాసిన టోపీ, కళ్ళలో నిద్రమత్తు. ఆట ఎవరెవరికో కూడా తెలిసినట్టు లేదు.

మెట్లు నిండాయి. లోపల మైకు మోగింది. పెద్ద తెర మీద ఏదో బొమ్మ వేస్తున్నట్టున్నారు, జనం గోల సద్దుమణిగింది. అప్పుడు వెనకనుంచి అత్తయ్యకి తన గొంతే వినిపించింది.

“ఈ జట్టంటే ఆయన ప్రాణం పెట్టేవాడు…” తర్వాత ఏదో సంగీతం. “గేటు తెరిచి ఉంటే జట్టుకి కలిసొస్తుంది.”

అంతే. ఇంకేమీ లేదు. మిల్లు లేదు, గడియ లేదు, ఆయన ఎలా పోయాడో లేదు. ఆవిడ నోటినుంచి వచ్చిన మాటలనే ముక్కలు కోసి, తమకి కావలసిన ముక్కలు అతికించుకున్నారు. మైకులో ఎవడో ఉత్సాహంగా అరుస్తున్నాడు: “మన అత్తయ్యకి యాజమాన్య కుటుంబం కృతజ్ఞతలు! ఇన్నేళ్ళూ ఆట చూడని అత్తయ్య ఈ రోజు నుంచి యజమానిగారి పక్క కుర్చీలో కూర్చుని చూస్తారు!” జనం చప్పట్లు కొట్టారు. అత్తయ్య వెనక్కి తిరగలేదు. చంపినవాడి కొడుకు పక్కన, మెత్తటి కుర్చీలో! చచ్చినవాడి మీద నింద వేసింది చాలక, బతికున్నదాని నోటితో దాన్ని కడిగించుకుంటున్నారు. థూ, ఏం మనుషులు!

సెక్యూరిటీ మనిషి దగ్గరికొచ్చాడు. “పెద్దమ్మా, లేవండి. మిమ్మల్ని పైకి రమ్మన్నారు. నేను షట్టర్ దించాలి.”

“ఎందుకు దించాలి?”

“ఆట మొదలైతే దించమన్నారు. భద్రతకట.”

“భద్రతా?” అత్తయ్య లేవలేదు. గొంతు మాత్రం లేచింది. “ఎవరి భద్రత? దీని స్విచ్చు ఎక్కడుంది?”

“ఇదిగో, ఈ గోడకి.”

“బయట. మరి లోపలివాళ్ళు ఎత్తుకోవాలంటే?”

అతను షట్టర్‌కేసి చూశాడు. లోపలి గోడకేసి చూశాడు. అక్కడేమీ లేదు. కిక్కిరిసిన మెట్ల మీద చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళూ ఉన్నారు.

“నాకు చెప్పింది చేస్తానండీ. నాకేం తెలుసు” అన్నాడు. మాట మెత్తబడింది.

“తెలియకపోతే విను” అంది అత్తయ్య. మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఈసారి కోయడానికి కెమెరా లేదు. అతని చేతిలో వాకీటాకీ మధ్యమధ్య గురగురలాడుతూనే ఉంది. అతను దాని గొంతు తగ్గించి విన్నాడు. పేకాట దగ్గరికొచ్చేసరికి మొహం ఎర్రబడింది.

“నన్నూ అలాగే పెట్టేవాళ్ళు” అన్నాడు. “ఇంతకుముందు గోడౌన్‌లో కాపలా. నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని ఇంటికి పోయేవాడు సూపర్‌వైజరు. ఒంటికి వెళ్ళాలంటే ఒక సీసా ఇచ్చేవాడు. దొంగల భయమట. నేనే దొంగనా అని అడిగితే, ఇష్టం లేకపోతే మానెయ్ అన్నాడు.”

“మానేశావా?”

“ఎక్కడ మానేస్తాను పెద్దమ్మా? పిల్లలున్నారు.”

వాకీటాకీ మళ్ళీ అరిచింది. “తూర్పు! దించావా లేదా?”

అతను దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా, ఆ గోడౌన్‌లో మింగిన మాటలన్నీ కలిపి కక్కినట్టు, “దించనండీ! లోపల స్విచ్చు లేదు. లోపల మనుషులున్నారు. మీకు అంత సరదాగా ఉంటే మీరొచ్చి లోపల కూర్చోండి, అప్పుడు దించుతాను” అన్నాడు.

“ఎవడ్రా నువ్వు? రేపటినుంచి రానక్కర్లేదు! అక్కడే ఉండు, నేనొస్తున్నా!”

ఆ అరుపులకి సెలూన్ ఆయన మెట్లు దిగొచ్చాడు. సంగతేమిటని అడిగాడు. అత్తయ్య రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన మెట్లవైపు తిరిగి చేయెత్తి కేక వేశాడు. కొరియర్ గుమాస్తా దిగాడు, అతని మామగారు దిగారు, చంటిపిల్లని భుజాన వేసుకున్న ఆవిడ దిగింది. ఆట మొదలవుతోందని తెలిసీ దిగారు. వచ్చి షట్టర్ కింద నేల మీద కూర్చున్నారు, వీధిలోకి కాళ్ళు చాపుకుని. వాకీటాకీలో అరిచిన కొత్త సూపర్‌వైజరు ఊగిపోతూ వచ్చాడు. అంతమంది కాళ్ళూ చూశాడు. షట్టర్ వాళ్ళ మీద దించలేక, పైవాళ్ళతో మాట్లాడతానని గొణుక్కుంటూ, పోతూ పోతూ సెక్యూరిటీ మనిషి గుర్తింపు కార్డు లాక్కుని పోయాడు.

సెక్యూరిటీ మనిషి కార్డు లేని మెడ తడుముకున్నాడు. ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తన కోపానికి అతని పొట్ట కొట్టానా అనిపించింది అత్తయ్యకి. స్టూలు మీద జరిగి సగం చోటిచ్చింది. అతను కూర్చున్నాడు, ఆవిడలాగే వీధి వైపు తిరిగి.

ఇంతలో లోపల గొప్ప అలజడి లేచి, చటుక్కున పడిపోయింది.

“గోల్ పడిందా?” అన్నాడతను ఉలిక్కిపడి. “మనకేనా అత్తయ్యా?”

“కాదు నాయనా. వాళ్ళకి.”

అతని మొహం కందగడ్డలా అయింది. వెనక్కి కూడా తిరగకుండా, పోయిన ఉద్యోగం మాట మరిచిపోయి, మన గోల్‌కీపర్ని తిట్టడం మొదలుపెట్టాడు.