పిడికి కట్టిన దారం

నేను ఒక పారాచూట్‌ని. ఆ మాట వినగానే ఆకాశంలో తేలుతూ దిగివచ్చే ఎర్రటి, పచ్చటి గొడుగు మీ కళ్ళ ముందు కదిలి ఉంటుంది. అది నేను కాదు. దానికి జనం ఫొటోలు తీస్తారు, పిల్లలు చేతులూపుతారు. అదే సంచిలో, దానికి పై అరలో, కాళ్ళూ చేతులూ ముడుచుకుని పడి ఉండే తెల్లగుడ్డని నేను. అది మొరాయించిన రోజున నేను విచ్చుకోవాలి. నన్ను రిజర్వు అంటారు. నన్ను కొన్న ప్రతివాడూ నన్ను వీపున మోశాడు, నాతో అవసరం పడకుండా చూడమని దేవుడికి దండమూ పెట్టుకున్నాడు. ఏరికోరి కొనితెచ్చుకుని, దీని మొహం చూసే రోజు మాత్రం రాకూడదు స్వామీ అని మొక్కుకునే వస్తువు ఈ లోకంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు.

ఉత్తరాదిన ఒక కుట్టు కార్ఖానాలో పుట్టాను. నన్ను కుట్టినావిడ మిషను మీద పాట పాడుకుంటూ కుట్టేది. అంగుళానికి ఇన్ని కుట్లు పడాలని నియమం. ఒకచోట కుట్టు జారితే, దీపాలు వెలుగుతున్న గాజుబల్ల మీద నన్ను పరిచి చూసిన పెద్దమనిషి ఆ వరుసంతా విప్పించాడు. ఆవిడ పాట ఆపి, ఆయన్ని తిట్టుకుంటూ మళ్ళీ కుట్టింది. రెండోసారి పడిన కుట్టే నా ఒంట్లో అన్నిటికంటే గట్టిది. నాకంటే ముందు అదే అచ్చులో తయారైన అక్కల్ని బరువైన ఇసుక బొమ్మలకు కట్టి విమానంలోంచి తోశారట. ఎంత వేగంగా పడుతున్నా, ఎంత బరువు వేలాడుతున్నా, పిడి లాగితే రెండు మూడు క్షణాల్లో విచ్చుకుని తీరాలి. అక్కలు నెగ్గారు కాబట్టి నేనూ నెగ్గినట్టే రాసుకున్నారు. మనుషుల్లో అక్క మంచిదైతే చెల్లెలూ మంచిదేనన్న హామీ ఉండదని చాలా పెళ్ళిమాటలు విన్నాక తెలిసింది.

నా మొదటి యజమాని ఒక సరదారాయుడు. పెళ్ళి కుదరగానే, అత్తగారికి ఇష్టం లేదని నన్ను అమ్మేశాడు. రెండో ఆయన దూకడం కంటే దూకుతానని చెప్పుకోవడమే ఎక్కువ. వాళ్ళ చేతుల్లో నేను ఎన్నిసార్లు పైకి వెళ్ళానో, అన్నిసార్లూ మూట విప్పకుండానే కిందికి వచ్చాను.

ఆ బాధ మీకెలా చెప్పను? నా నెత్తిన ఒక స్ప్రింగు ఉంటుంది. పిడి లాగగానే అది ఎగిరి నన్ను బయటికి ఈడ్చాలి. దాన్ని మోకాలితో అదిమి, సంచికున్న నాలుగు రేకులు మూసి, పిన్ను గుచ్చుతారు. అప్పటినుంచి అది ఒక్క క్షణం నిద్రపోదు, నన్ను పోనివ్వదు. విమానం తలుపు తెరుచుకుంటుంది. గాలి హోరు వినిపిస్తుంది. నా ఒళ్ళంతా దారప్పోగు దారప్పోగుగా లేస్తుంది. ఇంతలో కింది అరలోని రంగులరాణి ఫట్‌మని విచ్చుకుంటుంది. యజమాని "అమ్మయ్య" అంటాడు. నాకు మళ్ళీ అదే చీకటి, అదే ఉక్కపోత. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది తెరుచుకోకపోతే బాగుండునని నాకు అనిపించేది. అనిపించిన మరుక్షణం ఒళ్ళు జలదరించేది. నా కోరిక తీరాలంటే ఒకరి ప్రాణం మీదికి రావాలి మరి.

మూడోసారి చేతులు మారి ప్రకాశం జిల్లాకు వచ్చాను. ఎప్పుడో పెద్ద యుద్ధం నాటి రన్‌వే ఒకటి, చుట్టూ శనగచేలు, సర్కారు తుమ్మలు. దాని మీద ఒక దూకుడు బడి. అక్కడ కుర్రవాళ్ళకు దూకడం నేర్పే మాల్యాద్రి నన్ను కొన్నాడు. సైన్యంలో చేసి వచ్చినవాడు, మాట తేలిక, చెయ్యి గట్టి. అతనితోపాటు సైన్యంలో పారాచూట్లు మడిచిన ఖాజావలీ కూడా అదే బడిలో చేరాడు.

పెట్టెలోని పట్టుచీరను మడతల మీద చిరగకుండా అప్పుడప్పుడూ తీసి మడత మార్చి పెడతారు చూడండి, నాకూ అలాగే జరగాలని నియమం. వాడినా వాడకపోయినా, గడువు రాగానే వలీ నన్ను విప్పేవాడు. పైకప్పు కొక్కేనికి వేలాడదీసి గాలికి వదిలేవాడు. ఆ ఒక్క పూటే నేను ఊపిరి పీల్చుకునేది. తర్వాత తాళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నడిపించి చూసి, కుచ్చిళ్ళు పోసినట్టు మడిచి, మూసి, పిన్ను దగ్గర సన్నటి ఎర్రదారం కట్టి దాని మీద తన సీసపు ముద్ర నొక్కేవాడు. పిల్లవాడు లాగినా పుటుక్కున తెగిపోయే దారం అది. గట్టిది కట్టకూడదు. నా పిడి ఒక్క గుంజుకు ఊడి రావాలి, దానికి ఏదీ అడ్డుపడకూడదు.

మాల్యాద్రి తల్లి వెంగమ్మ రన్‌వే పక్కనున్న రేకుల ఇంట్లో కొడుకు దగ్గరే ఉండేది. విమానం లేచినప్పుడల్లా చేస్తున్న పని వదిలి ఫెన్సింగు దగ్గరికి పరుగెత్తేది. కొడుకు నేల మీద కాలు పెట్టేదాకా ఆమె గొంతులో మంచినీళ్ళు కూడా దిగేవి కావు. ఒక శుక్రవారం సాయంత్రం వరండాలో నన్ను తుడుస్తున్న కొడుకు పక్కన చతికిలబడింది.

"ఒరే మాల్యాద్రీ, ఆ పెద్దది తెరుచుకోకపోతే ఏం చేస్తావురా?"

"కుడిపక్క పిడి లాగి దాన్ని వదిలించుకుంటా. ఎడమపక్కది లాగతా. లోపల ఇంకోటుందిగా."

"ఏదీ, ఈ పిడేనా?"

"అదే. నీ కొడుకు పానమంతా ఆ పిడిలోనే ఉంది. సరేనా? పోయి అన్నం పెట్టు."

"ఎగతాళికైనా అట్టాంటి మాటలు అంటారంట్రా!" అని అతని వీపు మీద ఒక్కటి చరిచి లేచింది. కానీ ఆ మాట ఆమె ఎగతాళిగా తీసుకోలేదు.

మరునాడు శనివారం. వారానికోసారి మాలకొండ మీద గుడి తెరిచే రోజు. ఆ కొండ మీది స్వామి పేరే కొడుక్కి పెట్టుకున్న మనిషి, తెల్లవారకముందే బస్సెక్కింది. నూలుదారం కట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు తెగిపోతుంది, తెగితే అపశకునం. అందుకని అంగట్లో గట్టి నైలాను దారం అడిగి తీసుకుని, పసుపులో తడిపి, స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చింది. ఆదివారం పొద్దున మాల్యాద్రి స్నానానికి వెళ్ళగానే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. పిడి లోపలినుంచి దారం దూర్చి, పక్కనున్న సంచి పట్టీకి చుట్టి, మళ్ళీ దూర్చి, మళ్ళీ చుట్టింది. ఒక్కో ముడికీ ఒక్కో పేరు చెప్పి మొక్కింది. చివరి ముడి పళ్ళతో బిగించింది.

ఆమె నా గొంతుకు ఉరి బిగిస్తోంది. ఆమె కళ్ళలో మాత్రం ఎంత నిశ్చింత! అరుద్దామంటే నాకు నోరేది? స్ప్రింగు నెత్తిన నొక్కుతోంది, దారం మెడ దగ్గర పట్టి ఉంది. ఆ పూట నేను మామూలుగా కాదు, పిచ్చిపట్టినట్టు గింజుకున్నాను. బయటికి చూస్తే ఏమీ లేదు. దుమ్ము తుడిచిన సంచి ఒకటి బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

విమానం ఎక్కేముందు ఒకరి సంచి ఒకరు తడిమి చూసుకోవడం అక్కడి పద్ధతి. వలీ చెయ్యి ఎడమవైపుకు రాగానే ఆగిపోయింది.

"ఏందిరా ఇది?"

"మా అమ్మ కట్టింది అన్నా. కొండ మీద దారం."

"తియ్యి."

"నేనూ ఇప్పుడే చూశా. అదిగో, ఫెన్సింగు కాడ నిలబడి చూస్తంది. ఆమె కళ్ళ ముందే కోస్తే గుండె ఆగుద్ది."

"కొయ్యకపోతే నీది ఆగుద్ది."

"విమానం ఎక్కాక విప్పుకుంటాలే. ఒట్టన్నా."

వలీ ఫెన్సింగు వైపు చూశాడు. వెంగమ్మ చెయ్యి ఊపింది. ఆమె చేతి పప్పుచారు తిన్న మనిషి, ఆ చేతి కట్టును ఆమె ముందే తెంపలేకపోయాడు. "ఎక్కంగానే తీసెయ్యి" అని పక్కకు తప్పుకున్నాడు. నియమాలన్నీ ఒంటబట్టినవాడు, ఆ ఒక్క క్షణం మొహమాటపడ్డాడు. నేల మీద మొహమాటానికి పెద్దగా ఖరీదుండదు. గాల్లో ఉంటుంది.

మాల్యాద్రి మాట తప్పలేదు. అమ్మ మొక్కి కట్టినదాన్ని కొయ్యబుద్ధి కాక, ఎక్కగానే ముడి మీద వేలు వేశాడు. పసుపు తడి ఆరి ముళ్ళు రాయిలా బిగుసుకుని ఉన్నాయి. ఒకటి వదులైంది. ఇంతలో కొత్త కుర్రవాడొకడు వాంతి చేసుకున్నాడు. వాడి వీపు నిమిరి, ధైర్యం చెప్పి, ఒక్కొక్కరినీ తలుపు దగ్గరికి పంపించేసరికి తన వంతు వచ్చింది. ఒకసారి పిడి వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో దీంతో పని పడిందా ఏమన్నా అనుకుని ఉంటాడు. దూకాడు.

రంగులరాణి ఆ రోజు సగమే విచ్చుకుంది. ఒక పక్క తాళ్ళు మెలిపడి, గుడ్డ ముద్దయి, అతన్ని బొంగరంలా తిప్పడం మొదలుపెట్టింది. అతను కుడి పిడి లాగి దాన్ని వదిలించుకున్నాడు. మళ్ళీ రాయిలా పడసాగాడు. ఎడమ పిడి పట్టి గుంజాడు.

రాలేదు.

రెండు చేతులతో గుంజాడు. దారం పట్టీలోకి కోసుకుపోయిందే తప్ప పిడి కదల్లేదు. ఈ మధ్య వచ్చే సంచుల్లో, నేల దగ్గరపడగానే తనంతట తానే నాలాంటివాళ్ళని వదిలే చిన్న యంత్రం ఉంటుందట. నా సంచికి లేదు. ఏళ్ళ తరబడి నేను కలవరించిన క్షణం వచ్చేసింది. కానీ నాకు ఆకాశం వద్దు, ఏమీ వద్దు, ఈ పిల్లవాడు బతికితే చాలు అనిపించింది. అతని చెయ్యి తొడ దగ్గరి ఒరలోకి పోయింది. తాళ్ళు చిక్కుపడితే కొయ్యడానికి అందులో కొక్కెం కత్తి ఉంటుంది. ఒక పోటు, ఇంకో పోటు. దారం తెగింది. పిడి ఊడింది.

స్ప్రింగు ఎగిరింది. నేను లేచాను. మడత మీద మడత విడిపోతూ, గాలి నా కడుపులో నిండుతూ, కుట్టు కుట్టూ ఒక్కసారిగా బిగిసి నిలబడ్డాను. ఎంత వెలుతురు! శనగచేలు, పాత రన్‌వే, ఫెన్సింగు దగ్గర చుక్కంత మనిషి, అన్నీ ఒక్కసారే చూశాను. కింద నా తాళ్ళకు వేలాడుతూ అతను "అమ్మా, అమ్మా" అని ఏడుస్తున్నాడు. ఇంకాస్త చూద్దామనుకునేలోపే నేల వచ్చేసింది. అతని చీలమండ విరిగింది. నన్ను గాలి తుమ్మకంపలోకి ఈడ్చుకుపోయి చీరేసింది.

ఊరంతా వచ్చి చూసింది. వెంగమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది. "పెద్దది చెడిపోయినా, నేను కట్టిన కొండ దారమే నా బిడ్డను నిలబెట్టింది." మాల్యాద్రి కాలికి కట్టుతో మంచం మీద పడుకుని, పైకప్పు వైపు చూస్తూ ఊరుకున్నాడు.

రిజర్వు తెరుచుకుని బతికినవాడు, దాన్ని మడిచినవాడికి ఏదో ఒక కానుక ఇవ్వడం ఈ వృత్తిలో ఆచారం. మాల్యాద్రి చంకకర్రల మీద మడతల గదికి వచ్చి కొత్త చేతిగడియారం బల్ల మీద పెట్టాడు. వలీ దాన్ని వెనక్కి నెట్టాడు.

"నాకిది వద్దు. ఆ రోజు నేనూ కళ్ళు మూసుకున్నా. పోయి వెంగమ్మక్కకు చెప్పు."

"ఏం చెప్పమంటావన్నా? నువ్వు కట్టిన దారమే నన్ను చంపబోయిందనా? తట్టుకోలేదన్నా ఆమె."

"పిల్లకాయలంతా ఇప్పుడు ఆమె ఇంటి ముందు నిలబడున్నారు, మాకూ కట్టు అవ్వా అని. వచ్చే శనివారం కొండకు పోయి దారం కండె తెస్తానందంట. నువ్వు చెప్పేదాకా ఏ సంచి మీదా నా ముద్ర పడదు. ఎగిరే పని లేదు."

ఆ సాయంత్రమే మాల్యాద్రి తల్లిని మడతల గదికి తీసుకొచ్చాడు. నేను చిరిగిన ఒంటితో బల్ల మీద ఉన్నాను. అతను నా చిరుగులు తడుముతూ నిలబడ్డాడు. వలీ పక్కనున్న ఒక సంచి తీసి, ఆమె ఎలా కట్టిందో అలాగే నైలాను దారం చుట్టి ముళ్ళు వేశాడు.

"లాగు అక్కా."

"నేనా? నేనెట్టా లాగతాను అబ్బయ్యా?"

"పైన మీవోడు లాగినట్టే."

ఆమె నవ్వుతూ లాగింది. రాలేదు. కొంగు నడుముకు దోపి లాగింది. బల్లకు కాలు తన్నిపెట్టి లాగింది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. "వస్తది, వస్తది, ఉండండి" అంటూనే ఉంది. మాల్యాద్రి "చాల్లే అమ్మా" అని ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. అరచేతులు కమిలి జారిపోయేదాకా లాగి, అప్పుడు నేల మీద కూలబడింది.

"ఎట్టా వచ్చిందిరా మరి?"

"కోశానమ్మా."

ఆమె లేచి కొడుకు చెంప మీద ఒక్కటి కొట్టింది. "చెప్పవేందిరా! నాకు చెప్పవేంది!" అని అదే చెంప పట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి వలీ వైపు తిరిగింది.

"మరి నేనేం కట్టాలి వలీ?"

"ఏం కట్టబాక అక్కా. చూస్తా ఉండు, అంతే."

"అదేగా నాకు చేతకానిది."

ఆ తర్వాత నన్ను పరీక్షించారు. గుడ్డకు చీలికలు ఎక్కువ, వయసూ అయిపోయింది. పనికిరాని రిజర్వును ఎవరూ పొరపాటున కట్టుకోకూడదు కాబట్టి వలీ నా తాళ్ళన్నీ కోసేసి, నన్ను మూలన పడేశాడు. అప్పుడు వెంగమ్మ వచ్చి వలీని అడిగి నన్ను తీసుకుంది.

ఇప్పుడు రేకుల ఇంటి ముందు ఎండలో పరుచుకుని ఉన్నాను. నా మీద మిరపకాయలు ఆరబోస్తుంది. అంచుల మీద రాళ్ళు పెడుతుంది. ఒక్కసారి ఆకాశం చూసినదాన్ని, కాస్త గాలి తగిలితే చాలు, నడుం లేస్తుంది, కాయలు దొర్లుతాయి. "ఉండవే, యాడికి పోతావు?" అని ఇంకో రాయి తెస్తుంది.

మాల్యాద్రి కాలు కుదురుకుంది. మళ్ళీ దూకుతున్నాడు. విమానం చప్పుడు వినగానే ఆమె ఇప్పుడు ఫెన్సింగు దగ్గరికి పరుగెత్తదు. నా పక్కన కూర్చుంటుంది. ఆమె చేతులకు ఏం చెయ్యాలో తోచదు. ఒళ్ళో పెట్టుకుంటుంది, తీస్తుంది, మిరపకాయ తొడిమె ఒకటి తుంచుతుంది. ఆకాశంలో తలుపు తెరుచుకునే వేళకు నా అంచు పట్టుకుంటుంది. పైన గాలి నన్ను పిలుస్తుంది, నేను లేవాలని గింజుకుంటాను. ఆమె పిడికిలి బిగుస్తుంది. అతను నేల మీద కాలు పెట్టేదాకా ఇద్దరం అలాగే ఉంటాం.