తాళం తిప్పాక అర నిమిషం

సర్జన్ అన్నది అతనికి జనం పెట్టిన పేరు. కారు ఏసీ గానీ హీటరు గానీ చేతికి చిక్కితే అంతు చూడకుండా వదలడని. ఆ పేరు వినబడినప్పుడల్లా వద్దు వద్దంటూనే మెడ కాస్త పైకెత్తేవాడు. అలాంటివాడి పరువుని సొంత అక్క కారు రెండు వారాల్లో బజారున పడేసింది.

జబ్బు చూస్తే చిన్నదే. చల్లగా కావాలని నాబ్ తిప్పితే వేడిగాలి, వెచ్చగా కావాలంటే చల్లగాలి, ఒక్కోసారి ఎటు తిప్పినా గోరువెచ్చన. మొదటిసారి సర్జన్ నాబ్ ఉన్న ప్యానెల్ మొత్తం మార్చేశాడు. షెడ్డులో బంగారంలా పనిచేసింది. మర్నాడు కారు మళ్ళీ గుమ్మంలో ఉంది. రెండోసారి డాష్‌బోర్డంతా విప్పాడు. దాని వెనక చిన్న తలుపొకటి ఉంటుంది. ఒక పక్కకి వాలితే వేడిగాలి, ఇంకో పక్కకి వాలితే చల్లగాలి. ఆ తలుపుని తిప్పే అరచేతంత మోటారుని మార్చాడు. ఏడుసార్లు వేడి, ఏడుసార్లు చలి, థర్మామీటరు పెట్టి మరీ చూసి పంపాడు. రెండు రోజులు తిరక్కుండానే అక్కా బావా హాజరు.

"ఒరేయ్, ఇది మూడోసారి. ఇవాళ కూడా కాకపోతే చెప్పెయ్, ఎదుటి షెడ్డులో ఇచ్చేస్తాం," అంది అక్క.

సర్జన్ చప్పున అటు చూశాడు. ఎదుటి షెడ్డువాడు ఆరేళ్ళు ఇతని దగ్గరే పని నేర్చుకుని, సరిగ్గా రోడ్డుకి అటుపక్కనే బోర్డు కట్టినవాడు. తోడబుట్టిన అక్క కారు వాడి గుమ్మం తొక్కితే ఇక తనకి మొహం చెల్లుతుందా? ఇప్పటికే వాడు టీ గ్లాసుతో బయటికొచ్చి, ఎవరి కారో తెలియనట్టు చూస్తున్నాడు.

"తప్పు కారుది కాదయ్యా, మీ అక్కది," అన్నాడు బావ. "మండుటెండలో కూడా హీటరు పెట్టమంటుంది."

"ఈయన పక్కన కూర్చుంటే నేను శాలువా కప్పుకోవాలి," అంది అక్క.

సర్జన్ స్కానర్ తగిలించాడు. ఏ లోపమూ లేదంది. వైర్లు లాగి చూశాడు. మోటారు విప్పి లోపలి గేరు పళ్ళు లెక్కపెట్టాడు, ఒక్కటీ ఊడలేదు. తను నడిపితే కుదురుగా ఉంటుంది, వీళ్ళు ఎక్కితే చెడుతుంది. కారు తన మీద పగబట్టిందేమో అనిపించింది. ఒళ్ళు మండి, స్పానరు పక్కన పడేసి, వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు.

"నేనిక్కడ లేననుకోండి. రోజూ ఎలా ఎక్కుతారో అలా ఎక్కండి."

బావ తాళం తిప్పాడో లేదో, ఆయన చెయ్యి నాబ్ మీద పడింది, చల్లగాలి వైపు. దాని మీద అక్క చెయ్యి పడింది, వేడి వైపు. ఆయన అటు, ఆవిడ ఇటు. ఇద్దరి కళ్ళూ మాత్రం బుద్ధిగా రోడ్డు మీదే ఉన్నాయి. పాతికేళ్ళ కాపురంలో కుదిరిన ఒప్పందం కాబోలు, నాబ్ దగ్గర యుద్ధం చేతులదే, నోళ్ళకి సంబంధం లేదు.

సర్జన్ నెత్తి కొట్టుకున్నాడు. ఈ రకం కార్లో తాళం తిప్పిన ప్రతిసారీ ఆ మోటారు తలుపుని ఈ చివరిదాకా, ఆ చివరిదాకా ఒకసారి తిప్పి, వేడి ఎక్కడో చలి ఎక్కడో గుర్తుపెట్టుకుంటుంది. అర నిమిషం పని. అంతసేపూ నాబ్ జోలికి పోకూడదు. ఈ దంపతులు దానికి అర సెకను కూడా ఇవ్వడం లేదు. పాపం, దిక్కు తోచక అది ఏదో ఒకటి ఊదేస్తోంది.

"బావా, తాళం తీసి మళ్ళీ తిప్పండి. అర నిమిషం ఇద్దరూ నాబ్ ముట్టుకోకండి."

మూడో సెకనుకే బావ వేళ్ళు పాకాయి. మళ్ళీ తిప్పిస్తే అక్క ముట్టుకుని, "దుమ్ముంటే తుడిచానురా," అంది. ఆ తర్వాత ఇద్దరూ. రోడ్డుకి అటుపక్క గ్లాసు ఖాళీ అయినా మనిషి లోపలికి పోలేదు. సర్జన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"చేతులు పట్టుకోండి!" అని అరిచాడు.

"ఎవరివి?" అన్నాడు బావ కంగారుగా.

"ఒకరివొకరు! వదిలారంటే నేనీ కారు దిగను."

బావ అటూ ఇటూ చూసి, అక్క చేతులు రెండూ పట్టుకున్నాడు. తమ్ముడు చూస్తున్నాడని అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. డాష్‌బోర్డు లోపల సన్నటి చప్పుడు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, టక్కున ఆగింది. ఆ వెంటనే గాలి వచ్చింది, అడిగినంత చల్లగా.

"అయిపోయింది, ఇక వదలొచ్చు," అన్నాడు సర్జన్. ఆ మాట ముందు సీట్లోకి చేరినట్టు లేదు.

వారం గడిచింది, కారు రాలేదు. సర్జన్ రెండు రోజులు సంతోషపడ్డాడు, తర్వాత అనుమానం పట్టుకుంది. పని చేస్తూ చేస్తూ ఎదుటి షెడ్డు లోపలికి తొంగిచూసేవాడు. ఎనిమిదో రోజు అక్క ఫోన్ చేసింది.

"కారు బాగానే ఉందిరా. మీ బావే బాగాలేరు. సిగ్నల్ పడితే చాలు, ఇంజన్ ఆపేసి మళ్ళీ తాళం తిప్పుతున్నారు. మోటారు దారి తప్పుతుందట, చెయ్యి ఇవ్వమంటారు. నిన్న పచ్చలైటు పడినా వదల్లేదు, వెనక ఒకటే హారన్లు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. దీనికేమైనా రిపేరుందా?"

అక్క గొంతులో కోపం ఎక్కడైనా ఉందేమోనని సర్జన్ చెవి రిక్కించాడు. మచ్చుకి కూడా దొరకలేదు.

"అది నాకు చేతకాదక్కా," అన్నాడు. "కావాలంటే ఎదుటి షెడ్డులో చూపించుకో."