పన్నెండు తెల్ల డబ్బాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వసారాలో నవారు మంచం మీద చూపు ఆనని ముసలి సీతారావమ్మ, హాల్లో పేపరు చదువుతూ ఆమె కొడుకు వెంకటరామారావు, పొద్దున్నే జీపులో దిగిన అతని బావమరిది వెంకటనారాయణ, ఒక్కచోట నిలవకుండా తిరుగుతున్న కోడలు నిర్మలాదేవి, వంటింట్లో బుల్లెమ్మ. పన్నెండున్నరకు ఆరో మనిషి రావాలి. వెంకటనారాయణ పనిచేసే కాగితం ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు ఆయన. కొత్త వంటిల్లు చూసి, భోంచేసి వెళ్తానన్నాడట.

బుల్లెమ్మ నిలబడి వంకాయలు తరుగుతోంది. కత్తిపీట నేల మీద ఉంటే గది ఇరుగ్గా ఉంటుందని నిర్మల దాన్ని అటకెక్కించింది. ఇప్పుడు గట్టు, చాకు. ఆమె గట్టు అంచుకు పొట్ట ఆనించి, ఎడమచేత్తో తొడిమ వెతుక్కుని, వేళ్ళను కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుకుంటూ కోస్తోంది. పొట్టి మనిషి. అరవై దాటాయి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. చెంగు నడుముకు బిగించి దోపుకుంటే గాని పని మొదలుపెట్టదు.

రెండేళ్ళ నుంచి ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది. ముందు కుడికన్ను, తర్వాత ఎడమది. మనుషులు నీడల్లా కనిపిస్తారు. తెలుపంతా ఒకటే తెలుపు. ఎరుపు ఒక్కటే ఇంకా ఎరుపులా తెలుస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాత వంటింట్లో చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఉప్పు జాడీకి మూతి విరిగి ఉండేది. చింతపండు కుండ చల్లగా తగిలేది. గరిటెలన్నీ గోడకు మేకులకు వేలాడేవి, మూడో మేకుకు తెడ్డు. పొయ్యిలో కట్టెలు ఎర్రగా మండేవి. ముప్పై ఏళ్ళ కిందట ఈ కుటుంబం నూజివీడు వైపు నుంచి పెనుబల్లికి పొలాలు కొనుక్కుని వచ్చినప్పుడు, సీతారావమ్మకు ఏదో వరసైన ఈ వితంతువు కూడా అదే బండిలో వచ్చింది. అప్పటి నుంచీ ఆ మసిగోడల మధ్య ఆమె చేతులు తమ దారిలో తాము నడిచాయి.

నిర్మలకు ఆ మసి అంటే పడేది కాదు. పదిహేడేళ్ళకు కాపురానికొచ్చి, ఆ పొగలో దగ్గి దగ్గి ఏడ్చిన పిల్ల ఆమె. రెండేళ్ళ కిందట తమ్ముడు వెంకటనారాయణ ఒక క్యాలెండర్ తెచ్చిచ్చాడు. ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి స్వీడన్ దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇచ్చారట. అందులో ఒక నెలకు వంటింటి బొమ్మ. తెల్లటి గోడలు, లేతరంగు చెక్క బల్ల, పెద్ద కిటికీ, బల్ల మీద ఒకే ఒక్క కప్పు. గోడ మీద మేకు లేదు, నేల మీద కుండ లేదు. ఎనభై నాలుగు వెళ్ళిపోయి ఎనభై ఆరు వచ్చినా నిర్మల ఆ బొమ్మను తీయలేదు. "చూడు పిన్నీ, గాలి పీల్చుకుంటున్నట్టు ఉంది కదూ?" అనేది. బుల్లెమ్మ ఆ తెల్లని కాగితం వైపు చూసి "అవునమ్మా" అనేది.

ఇప్పుడు ఆ బొమ్మ ఇంట్లోకి వచ్చేసింది. గోడలకు సున్నం, గట్టు మీద తెల్ల పలకలు, వడ్రంగి జంపయ్య చేసిన పాలరంగు చెక్క అర. దాని మీద వరసగా పన్నెండు తెల్ల పింగాణీ డబ్బాలు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే మూత. పప్పులు, పిండ్లు, ఉప్పు అన్నీ వాటిలోనే. చివరికి పెరటి గుమ్మం పక్కన కొబ్బరిచిప్పలో ఉండే ముగ్గుపిండిని కూడా పన్నెండో డబ్బాలోకి ఎత్తించింది నిర్మల. "చేత్తో తీయకు పిన్నీ. ప్రతిదాంట్లో చెంచా వేశాను" అంది.

మొదటి రోజే బుల్లెమ్మ లెక్క నేర్చుకుంది. కిటికీ వైపు నుంచి మొదటిది బియ్యప్పిండి, రెండోది పంచదార, మూడోది ఉప్పు. అయినా భయం తీరక, పాత చీర అంచు చింపి ఆ ఎర్ర పేలికను మొదటి డబ్బా చెవికి కట్టుకుంది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ఈ ఉదయం నిర్మల దాన్ని చూసింది. "ఇదేంటి పిన్నీ, డబ్బాకు దిష్టి తీశావా?"

"ఊరికే కట్టానమ్మా."

నిర్మల నవ్వుతూ పేలిక విప్పి, కిటికీ ఊచకు ముడేసింది. తర్వాత డబ్బాలన్నీ దించి తుడవడం మొదలుపెట్టింది. వాటిని మళ్ళీ సర్దుతున్నప్పుడు బుల్లెమ్మ చెవులు రిక్కించి వింది. పన్నెండు చప్పుళ్ళు. ఏది ఏదో చప్పుడు చెప్పదు.

పెరటి గుమ్మం దగ్గర మోపు దబ్బున పడింది. తండా నుంచి చాంది వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటికి కట్టెలు తెచ్చేది ఆమే.

"ఏందమ్మా, కట్టెలు ఒద్దన్నరంట?"

"గోబర్‌గ్యాసు వచ్చింది చాందీ. పొయ్యి తీసేశారు."

"అవ్, పెండ గ్యాసు. ఇగ మీ కూరల్ల బర్రె వాసనే." చాంది గాజులు గలగలలాడేలా నవ్వి, గొంతు తగ్గించింది. "కండ్లెట్లున్నయ్? దవాఖానాకు పోదాం రా అంటే ఇనవు. మా అత్తకు పొర తీసిండ్రు. ఇప్పుడు నా రైకె మీది అద్దాలు గూడ లెక్కపెడ్తంది ముసల్ది."

"మెల్లగా మాట్లాడవే తల్లీ! వింటారు."

"ఇంటే ఏమైతది?"

ఏమవుతుందో బుల్లెమ్మ చాలా రాత్రులు ఆలోచించింది. కళ్ళు లేని వంటమనిషిని ఎవరుంచుకుంటారు? ఈ ఇల్లు కాకపోతే ఆమెకు మరో గడప లేదు. బోనకల్లులో అన్న కొడుకు ఉన్నాడు గాని, వాడు పుట్టాక రెండుసార్లు చూసిందేమో. ఆసుపత్రికి పోయి పది రోజులు కట్టుతో పడుకుంటే, తను లేకుండానే ఇల్లు గడుస్తుందని వీళ్ళకు తెలిసిపోతుంది.

"పత్తి తీతలు అయిపోనీ, వస్తాను" అంది. చాంది మోపు మళ్ళీ నెత్తికెత్తుకుంది.

స్టవ్ వెలిగించడం మరో గండం. నీలం మంట ఆమె కంటికి ఆనదు. పుల్ల గీసి, చెవి ఒగ్గి భుస్సుమనే చప్పుడు వింటుంది, అరచేయి ఎత్తుగా చాపి సెగ చూస్తుంది.

మజ్జిగపులుసు మరుగుతోంది. దాన్ని చిక్కబరచడానికి బియ్యప్పిండి కలపాలి. బుల్లెమ్మ చేయి చాపి కిటికీ వైపు నుంచి మొదటి డబ్బా దించింది. వేలు పెట్టి చూద్దామనుకుంది. వెనకాలే నిర్మల పళ్ళేలు తుడుస్తోంది. వేలు వెనక్కి వచ్చింది. చెంచాతో రెండుసార్లు తీసి, నీళ్ళలో కలిపి పోసింది. గిన్నెలోంచి సన్నగా బుసబుసమని వినిపించింది. మంట చప్పుడేమో అనుకుంది. రుచి చూస్తే తెలిసేది. కాని పెట్టకముందే రుచి చూస్తే ఎంగిలి. ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కనాడూ రుచి చూడలేదు.

ఇంజనీరుగారు వచ్చారు, వంటిల్లు మెచ్చుకున్నారు. "అచ్చం స్వీడన్‌లో ఉన్నట్టే ఉందండీ" అన్నారు. నిర్మల గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. బుల్లెమ్మ తలుపు చాటున నిలబడి పళ్ళేల మీది చప్పుళ్ళు వింటోంది. వంకాయ కూర అయింది. పప్పు అయింది. పులుసు పోశారు.

నమిలే చప్పుళ్ళు ఆగిపోయాయి.

"అక్కా, ఇదేంటే? పళ్ళ కింద ఇసుక కరకరలాడుతోంది" అన్నాడు వెంకటనారాయణ.

"కొత్త వంటిల్లు కదోయ్, సున్నం రాలిందేమో" అన్నాడు వెంకటరామారావు. అందరూ నవ్వారు. ఇంజనీరుగారు కూడా నవ్వి, పెరుగు ముట్టకుండానే చేయి కడుక్కున్నారు.

జీపు ఆయన్ను దింపడానికి వెళ్ళాక నిర్మల వంటింట్లోకి వచ్చింది. గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నది వేలితో తీసి రుద్ది చూసింది. ఒక డబ్బా మూత తీసింది, వేసింది.

"పిన్నీ, ఇటు చూడు. ఇది ఏ డబ్బా?"

ఎదురుగా తెల్లటి గోడ. గోడ ముందు తెల్లటి డబ్బాలు. డబ్బా పట్టుకున్న చేయి ఎక్కడుందో కూడా తెలియలేదు.

"ఉప్పు" అంది.

"నా చేతిలో ఏమీ లేదు. కళ్ళు కనపడని మనిషిని ఇక ఇక్కడ ఉంచలేను."

వసారాలోంచి సీతారావమ్మ గొంతు వినిపించింది. "నిర్మలా, నాకూ కనపడటం లేదే. నన్నెక్కడికి పంపుతావు?"

"మీరు మా అత్తగారు" అంది నిర్మల. ఆ గొంతులో కోపం లేదు. అదే బుల్లెమ్మను ఎక్కువ భయపెట్టింది. "ఇవాళ ముగ్గుపిండి కలిసింది. రేపు పురుగుమందు కలిస్తే? స్టవ్ తిప్పి మర్చిపోతే? తమ్ముడు రాగానే తల్లాడ దాకా జీపులో దింపుతాడు. అక్కడి నుంచి బోనకల్లు బస్సు ఎక్కిస్తాడు. బట్టలు నేను సర్దుతాను. అందాకా బయట కూర్చోండి, బుల్లెమ్మగారూ."

పిన్నీ అని అనలేదు.

బుల్లెమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాటింది. నడుముకు దోపిన చెంగు విప్పడం కూడా మర్చిపోయింది. వెనక కొత్త తలుపు చప్పుడు లేకుండా దగ్గరకు వచ్చింది. గొళ్ళెం పడింది.

ఆమె తిరిగి చూసింది. తలుపు, గోడ, సున్నం అన్నీ కలిసి ఒకటే తెలుపు. ఆ తెలుపులో, కిటికీ ఊచకు, ఎర్రటి పేలిక ఒక్కటి కనిపిస్తోంది.