పెయింటర్ కుడిభుజం

పైకప్పులకు రంగు వేసే చెయ్యి నొప్పి పెట్టక ఏం చేస్తుందని పెయింటర్ తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. ఆసుపత్రికి వెళ్లమని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా, పని చెడుతుందని వాయిదా వేశాడు. ఫోన్లో వీడియోలోనే చూసి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఒకమ్మాయి ఉందని తెలిసి, చివరికి భార్యే మాట్లాడి ఏర్పాటు చేసింది.

"ఫోన్లో నా నొప్పి ఎలా కనిపిస్తుందే ఆ పిల్లకి?"

"మీ మొహం చూస్తే గోడకైనా కనిపిస్తుంది. ముందు కూర్చోండి."

ఫిజియో అమ్మాయి చెయ్యి ఎత్తమంది, వెనక్కి తిప్పమంది. గదిలో చోటు చాలక భార్య ఫోను పట్టుకుని ఆయన్ను వరండాలోకి నడిపించింది. అక్కడే వచ్చింది తంటా. నాలుగు వాటాల ఇల్లు, వరండా అందరిదీ. పక్కవాటాలో బట్టలు కుట్టే దర్జీ వదిన భుజం పట్టుకుని వచ్చింది. పైవాటా డ్రైవరు నడుము పట్టుకుని దిగాడు.

"నా నడుము సంగతి కూడా కాస్త చూడమ్మా" అని అతను వెనక్కి తిరిగి వంగేసరికి తెరనిండా అతని వీపే.

"ఒక్కొక్కరూ, అంకుల్! అందరూ ఒకేసారి మీదపడితే ఎలా?" అంటూ ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత వాళ్లనూ విడివిడిగా చూసింది.

అప్పట్నుంచి పొద్దున్నే వరండాలో వ్యాయామం. ముందు నిలబడి చేయించేది పెయింటరే. కొన్నాళ్లకు డ్రైవరు కిందపడిన తాళంచెవి తనే వంగి తీసుకున్నాడు. చెవిదాకా కూడా లేవని దర్జీ వదిన చెయ్యి తలపైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెయింటర్ ఎడమచేత్తో తొడ చరుస్తూ "శభాష్ చెల్లెమ్మా!" అని అరిచాడు. కుడిచెయ్యి పక్కన వేలాడుతూనే ఉంది. అది చూసింది భార్య ఒక్కతే.

ఊళ్లోవాళ్ల నొప్పులన్నీ తగ్గుతుంటే ఈయనది ముదిరింది. బ్రష్షు వేళ్లలోంచి జారిపోయేది. చొక్కా గుండీలు ఆవిడే పెట్టేది.

"మొండి ఒళ్లు కదే, మందు నెమ్మదిగా ఎక్కుతుంది" అనేవాడు.

ఆ తర్వాతి కాల్‌లో ఫిజియో అమ్మాయి మధ్యలో మాట ఆపేసింది.

"ఆంటీ, ఫోను ఆయన మొహం దగ్గర పెట్టండి. ఆ కుడికన్ను రెప్ప ఎప్పట్నుంచి వాలింది?"

"నిద్ర చాలక అనుకున్నానమ్మా."

"వ్యాయామాలు ఆపేయండి. ఇది భుజం జబ్బు కాదేమో. ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. రేపంటే కుదరదు."

ఆ పూటే వెళ్లారు. ఊపిరితిత్తి పైకొసన క్యాన్సర్ గడ్డ పెరిగి చేతి నరాలనూ, కంటిరెప్పకు వెళ్లే నరాన్నీ నొక్కేస్తోందని పరీక్షల్లో తేలింది. డాక్టరు చెబుతున్నంతసేపూ పెయింటర్ ఆయన వెనకున్న గోడనే చూశాడు.

"చెమ్మ ఆరకుండా రంగేశారే. చూడు, ఎలా పెచ్చులూడుతోందో" అన్నాడు బయటికొచ్చాక. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది.

మందులు వాడినా ఆయన ఆ ఏడాది దాటలేదు.

ఫిజియో అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. "నేరుగా చూసుంటే ముందే తెలిసేదేమో ఆంటీ."

"పక్కనే ఉన్నదాన్ని, నాకే తెలియలేదు తల్లీ" అంది ఆవిడ. పొడికళ్లతోనే అంది.

వరండాలో వ్యాయామం ఆగిపోయింది. డ్రైవరు తల వంచుకుని మెట్లు దిగేవాడు. దర్జీ వదిన కంటపడటమే తగ్గించింది. ఒకరోజు పెయింటర్ భార్య పక్కవాటాలోకి తొంగిచూసేసరికి వదిన పై అరలోని దారపుకండె అందుకోబోతోంది. ఆవిడను చూడగానే చెయ్యి దించేసింది.

"ఎందుకు దించావొదినా?"

దర్జీ వదిన ఆ భుజాన్ని కొంగుతో కప్పుకుంది. "అన్నయ్య దగ్గరుండి బాగుచేయించిన చెయ్యి. నీ ముందు ఎత్తాలంటే ప్రాణం ఒప్పట్లేదు."

ఆవిడ లోపలికి వెళ్లి ఆ భుజం మీద చెయ్యి వేసింది.

"ఎత్తు."

"వద్దొదినా..."

"ఎత్తవే. చూడనీ."

దర్జీ చెయ్యి మెల్లగా, ఎక్కడా ఆగకుండా, నిటారుగా పైకి లేచింది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, ఆయన పోయిన రోజున కూడా రాని ఏడుపు, అప్పుడు వచ్చింది. బావురుమంది. దర్జీ ఆ చెయ్యి దించి, రెండు చేతులతో ఆవిడను పట్టుకుంది.